కడిగిన రాయి

మా ల్యాబులో కడగని రాయిని బల్ల మీద పెడితే పెద్దాయనకి పూనకం వస్తుంది. "ఎంగిలి కంచంలో అన్నం తింటావా అమ్మాయ్?" అంటాడు. గారూ గీరూ అని రాసే ఓపిక నాకిప్పుడు లేదు, ఏమీ అనుకోకండి. ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్నే, ఈ చదువు ఆయన పెట్టిన భిక్షే, కాదనను. చాటున మేమందరం ఆయన్ని నిప్పులాయన అంటాం, నిప్పులు కూడా కడుక్కునే రకం కాబట్టి. అదే ల్యాబులో పనిచేసే మా ఆయన మాత్రం ఆ పేరు పలకడు. ఇంట్లో తలుపులు వేసుకున్నాక కూడా పలకడు. అది చూసి నేను మురిసిపోయేదాన్ని, ఎంత సంస్కారమో అని.

మేం చేసే పనేమిటో చెబితే ఎవరికీ ఆనదు. భూమి లోపల రాయి ఒకటే గట్టి ముద్ద అనుకుంటారు గానీ, చాలా రాళ్ళ నిండా కంటికి కనిపించని సందులే. ఆ సందుల్లో నీళ్ళుంటాయి. ఒక్కోచోట నూనె కూడా చేరుతుంది. రెండూ ఒకే సందులోంచి పోవాల్సి వస్తే ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరు ఎక్కడ ఇరుక్కుంటారు, ఇదీ మా చదువు. రాయిని గుండ్రంగా, వేలెడు పొడుగున కోసి, ఉక్కు గొట్టంలో బిగించి, ఒక కొసనుంచి నూనె, నీళ్ళు కలిపి లోపలికి తోస్తాం. రెండో కొసన ఏది ఎంత వచ్చిందో చూస్తూ కూర్చుంటాం. "ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళన్నమాట" అంటుంది మా అక్క.

ఇందులో తిరకాసంతా రాయి ఎవరి పక్షమన్నదే. శుభ్రంగా కడిగిన రాయి నీళ్ళ పక్షం. నీళ్ళు సందుల గోడలకి అంటుకుని, నూనెని నడిమధ్యకి నెట్టి, ముక్కలు ముక్కలుగా తెంపేస్తాయి. ఆ నూనె బొట్లు బొట్లుగా ఎక్కడిదక్కడ చిక్కుకుని ఇక కదలదు. ఏళ్ళ తరబడి నూనెలో నానిన రాయికి మాత్రం బుద్ధి మారిపోతుంది. దాని గోడలకి నూనే అంటుకుంటుంది. పల్చని పొరలా గోడ పట్టుకుని, తెగకుండా, మెల్లగా పాకుతూనే ఉంటుంది. ఏ రాయి ఎవరి పక్షమో తెలుసుకోవాలంటే ఒక్క నీటి చుక్క చాలు. కడిగిన రాయి మీద వేస్తే గుటుక్కున తాగేస్తుంది. నూనె మరిగిన రాయి మీద వేస్తే చుక్క పూసలా నిలబడిపోతుంది.

మా అక్క ఇల్లు పల్లపు వీధిలో, ఆయిల్ డిపో గోడకి అవతల. ఆ డిపోలో ఒక ట్యాంకు అడుగు ఎప్పుడు తుప్పు పట్టిందో, ఎన్నేళ్ళుగా డీజిల్ కారుతోందో ఎవరికీ తెలీదు. తెలిసేసరికి అది కింద రాతిలోకి దిగిపోయింది. వీధి వీధంతా బావి నీళ్ళ మీదే బతుకుతుంది. ఆ డీజిల్ బావుల్లోకి వస్తుందా, ఉన్నచోటే పడి ఉంటుందా తేల్చమని అధికారులు మా ల్యాబుకి అప్పగించారు. వస్తుందంటే బావులు మూయించి, డిపో వాళ్ళ చేత ఆ వీధికి కుళాయిలు వేయిస్తారు. రాదంటే అంతా ఎప్పట్లాగే. తేలేదాకా మాత్రం డిపో వాళ్ళు రోజూ ట్యాంకరుతో నీళ్ళు పంపాలి.

బావ పోయాక అక్కకి మిగిలింది ఆ ఇల్లూ, కూతురూ, పాలు తాగే మనవరాలూ. ట్యాంకరు దగ్గర బిందెలతో తోసుకుని నిలబడేది. ఇంటికొచ్చి ఆయాసం తీరకముందే నాకు ఫోన్ చేసేది.

"ఏమందే మీ రాయి?"

"ఇంకా ఏమీ అనలేదక్కా."

"పాపం, నువ్వు పక్కనుంటే దానికి మాట్లాడే సందు ఎక్కడిస్తావులే."

డిపో గోడ పక్కన రాయి తవ్వి తీసినరోజు అక్కడున్నది నేనే. బయటికొచ్చిన వెంటనే ఒక ముక్క మీద నీటి చుక్క వేశాను. చుక్క కదల్లేదు. తలవంచి చూస్తే అందులో నా ముఖం కూడా కనిపించింది. అంటే ఈ రాయి నూనె పక్షం. ఆ ముక్కని అక్కడికక్కడే రేకుకాగితంలో చుట్టి, కరిగించిన మైనంలో ముంచి, గాలి తగలకుండా డబ్బాలో పెట్టి, మూత మీద ఎర్ర అక్షరాలతో 'కడగొద్దు' అని రాశాను. తక్కినవన్నీ మామూలుగా కడిగే గదికి వెళ్ళిపోయాయి. అక్కడ కింద జిడ్డు కరిగించే సాల్వెంట్ మరుగుతుంటుంది, ఆవిరి పైకి లేచి చల్లబడి చుక్కలు చుక్కలుగా రాళ్ళ మీద పడుతుంటుంది. కారేది తేటపడేదాకా, పగలూ రాత్రీ అదే స్నానం. తవ్విన చోట డిపో వాళ్ళు ఆ వారమే మందంగా కాంక్రీటు పోసేశారు. మళ్ళీ తవ్వనిచ్చేది లేదన్నారు.

కడిగిన రాళ్ళన్నీ ఒకటే మాట చెప్పాయి. నూనె ఇరుక్కుపోయింది, ఎక్కడికీ కదలదు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. నేను డబ్బా పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు, ఏవో కాగితాలు సర్దుతూ.

"ఇది కడగలేదు సార్. దీన్ని కూడా అడిగి చూద్దాం."

"మురికి రాయితో లెక్కలేమిటి? దాని మీద ఏం అంటిందో, దారిలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? కడిగిన రాయైతే ఎవరైనా, ఎక్కడైనా మళ్ళీ చూసుకోవచ్చు. అందుకే కదా కడిగేది."

"భూమి లోపల దాన్ని ఎవరు కడిగారు సార్?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అదీ కడుగుడే.

"మీ అక్క అక్కడుందని నీకు నూనె పాకుతున్నట్టు కనిపిస్తోందమ్మాయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా అక్క కాదు సార్, మీ అక్కే ఉందనుకోండి. రాయి మాట మారదు" అన్నాను. అంత మాట ఆయన్ని ఎవరూ అని ఉండరు. మా ఆయన తల ఎత్తలేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. పెద్దాయన మొండివాడే గానీ దొంగ కాదు. "సరే, సోమవారం నీ మురికి రాయిని నువ్వే బిగించుకో. అది కదులుతుందని చెబితే రిపోర్టు మార్చి రాస్తా. చెప్పకపోతే నోరు మూసుకో" అన్నాడు. అదీ నేను అడిగింది. అంతకంటే నాకేం కావాలి?

ఇంటికొచ్చాక మా ఆయన టీ పెట్టి ఇచ్చాడు. మంచి టీ పెడతాడు. వంక పెట్టలేం.

"పెద్దాయనతో అలా మాట్లాడాలా? వచ్చే ఏడు దిగిపోతాడు. ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో చెప్పేది ఆయనే."

"మిమ్మల్నే కూర్చోబెడతాడు. నేనేమైనా అడ్డం పడ్డానా?"

"నువ్వు కుర్చీకి అడ్డం పడవు. కుర్చీనే విరగ్గొడతావు. కడిగిన రాళ్ళతో ఇన్నాళ్ళూ రాసిన రిపోర్టులు తప్పని తేలితే ఈ ల్యాబుని ఎవరు నమ్ముతారు? అప్పుడు ఆ కుర్చీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. కప్పు కూడా ఆయనే కడిగాడు.

పరీక్షకి ఆ బావి నీళ్ళే కావాలి. రాతిలో ఏ నీళ్ళుంటాయో ఆ నీళ్ళే తోయాలి, లేకపోతే మళ్ళీ అదో అబద్ధం. అందుకని శుక్రవారం సాయంత్రం క్యాన్లు పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. వాడక ఆగిపోయిన బావిలో బకెట్ వేసి నేనే తోడాను. అక్క వంగి వాసన చూసింది.

"ఏమీ లేదు కదే?"

"ఇంకా లేదు."

"ఇంకా అంటావేమిటే, అపశకునపు నోరూ నువ్వూ."

రాక రాక వచ్చాను, ఆదివారం దాకా కదలనివ్వనంది. ఇంటికి ఫోన్ చేశాను, ఉండనా రానా అని. "ఉండు ఉండు, హాయిగా ఉండి రా. ఇక్కడ నేను చూసుకుంటాగా" అన్నాడు మా ఆయన. అక్క పక్కనుంచి విని, "బంగారంలాంటి మొగుడే నీకు" అంది. పసిపిల్లని ఒళ్ళో వేసుకుని ఆ రెండు రోజులూ నేను నిజంగానే హాయిగా ఉన్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే కంపరం.

సోమవారం పొద్దున క్యాన్లు మోసుకుంటూ ల్యాబులోకి వచ్చేసరికి డబ్బా కిటికీ దగ్గర బోర్లించి ఉంది. మూత పక్కనే ఆరబెట్టి ఉంది. ఎర్ర అక్షరాలు సగం చెరిగిపోయాయి. రాయి ఓవెన్ ట్రేలో ఉంది. తెల్లగా, ముద్దుగా, ఏ పాపమూ ఎరగనట్టు.

చల్లారేదాకా ఆగి, బల్ల మీద పెట్టి, ఒక నీటి చుక్క వేశాను. గుటుక్కున తాగేసింది. ఇంకో చుక్క వేశాను, అదీ తాగేసింది. అలా ఎన్ని వేశానో నాకు తెలీదు.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నీకు ఒక పని తగ్గుతుందని నేనే... శుక్రవారం వెళ్ళేముందు పెట్టేశాను, రెండు రోజులూ నడిచింది..." అంటూ నా ముఖం చూసి ఆగిపోయాడు.

"మూత మీద రాశాను కదండీ!"

"చూసుకోలేదే. సోమవారానికి సిద్ధం చేద్దామని మైనం ఒలిచాను. రాయి కనిపిస్తే చెయ్యి దానంతటదే పోతుంది. ఇక్కడ ఎవరి చెయ్యైనా అంతే కదా."

నేను నమ్మాను. ఎందుకు నమ్మనూ? మా ల్యాబులో అది నిజం. కిందటేడు కొత్తగా చేరినమ్మాయి ఇంటినుంచి రంగు వేసిన గులకరాయి ఒకటి తెచ్చుకుని, కాగితాలు ఎగరకుండా బల్ల మీద పెట్టుకుంది. మూడో రోజుకి దాన్ని ఎవరో కడిగి, రంగంతా పోగొట్టి, ఆరబెట్టి, దాని స్థానంలో దాన్ని పెట్టారు. ఎవరు చేశారో ఇప్పటికీ తెలీదు, చేసినవాళ్ళకీ తెలిసి ఉండదు. అలాంటి చోట నా మొగుడు ఒక రాయి కడిగితే కుట్ర అనుకుంటానా? ఏడ్చింది నేను, ఓదార్చింది ఆయన. "నా చెయ్యి విరగ్గొట్టుకోవాలి" అని కూడా అన్నాడు. వద్దని నేనే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఇక ఆ తర్వాతదంతా తేలిగ్గా జరిగిపోయింది. పెద్దాయన ఆ రాయిని కూడా బిగించమన్నాడు. అది కూడా తక్కిన రాళ్ళు చెప్పిందే చెప్పింది. దీనికి మళ్ళీ నూనె పట్టించి, కొన్ని వారాలు వేడిలో ఊరబెడితే మళ్ళీ మొదటి గుణం వస్తుంది, ఆగండి సార్ అని బతిమాలాను.

"నువ్వు ఊరబెట్టిన రాయి నువ్వు చెప్పమన్నదే చెబుతుందమ్మాయ్. నేను మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. నువ్వూ నిలబెట్టుకో."

రిపోర్టు మీద సంతకం పెట్టనన్నాను. అక్కర్లేదన్నాడు. ఒక పేజీలో 'రాయి సేకరించినవారు' అని నా పేరు వేశారు. అది అబద్ధం కాదు, కాబట్టి కొట్టేయమనడానికి లేదు. అధికారి దగ్గరికి నేనే వెళ్ళి, చుక్క నిలబడిన సంగతి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఆ రాయి ఎక్కడుందమ్మా?"

"కడిగేశారండీ."

"ఎవరు?"

మా ఆయన పేరు చెప్పలేక కొంగు సర్దుకున్నాను. ఆయన రిపోర్టు తిప్పి చూసి, "మీ పేరు కూడా ఉంది కదమ్మా ఇందులో?" అన్నాడు.

ట్యాంకరు ఆగిపోయింది. అక్కకి ఫోన్ చేశాను, బావి నీళ్ళు తాగొద్దు, నేను ఇంకా పోట్లాడుతున్నాను అని. అక్క విసుక్కుంది.

"తాగక ఏం చెయ్యమంటావే? కాగితంలో నీ పేరుందని వీధంతా నన్ను మెచ్చుకుంటుంటే, నువ్వేమో ఇలా అంటావు. మరిదిగారు నిన్ననే ఫోన్ చేసి చెప్పారు. భయం లేదు వదినా, నిశ్చింతగా తాగండి, అన్ని రకాలుగా చూశాం, మీ చెల్లెలికి అనుమానం ఎక్కువ అని. ఆయన నీలా గొంతు చించుకోరు. నిదానంగా చెప్తారు."

"ఆయన ఫోన్ చేశారా? నీకా?"

"ఏం, నాకు చెయ్యకూడదా? నువ్వు చెయ్యకపోతే ఆయనైనా చేస్తారు."

అక్క భయం పోగొట్టడానికి చేశాడేమో అనుకున్నాను. చూడండి, ఇంకా ఆయన తరఫునే వెతుకుతున్నాను.

ఆదివారం ఇద్దర్నీ భోజనానికి రమ్మంది అక్క. ఎండ మాడిపోతోంది. బస్సు దిగి ఆ పల్లపు వీధి కొసదాకా నడిచేసరికి మా ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. సంచి భుజం మార్చుకుంటూ మార్చుకుంటూ నడిచాడు. దారిలో ఒకచోట ఆగి, సంచిలోంచి సీసా తీసి తాగాడు. నాకూ ఇచ్చాడు. ఇంటినుంచి ఎందుకు మోసుకొచ్చాడో నాకు తట్టలేదు. మళ్ళీ పెద్ద సీసా ఇంకొకటి సంచిలో కనిపించింది, అప్పుడూ తట్టలేదు.

అక్క ఎదురొచ్చి, పసిపిల్లని నా చేతుల్లో పడేసి, రెండు గ్లాసులతో నీళ్ళు తెచ్చింది. చల్లగా, గ్లాసు మీద చెమట పట్టి ఉంది. నాకో గ్లాసు కిటికీలో పెట్టి, ఇంకోటి మా ఆయన చేతికిచ్చింది.

"ఎండన పడి వచ్చారు. ముందు నీళ్ళు తాగండి మరిదిగారూ."

ఆయన గ్లాసు అందుకున్నాడు. అక్క మనవరాలి గురించి ఏదో చెబుతుంటే నవ్వుతూ విన్నాడు, తల ఊపాడు. గ్లాసు ఈ చేతినుంచి ఆ చేతికి మారింది. తర్వాత మెల్లగా, ఎవరూ చూడటం లేదన్నట్టు, దాన్ని కుర్చీ కింద పెట్టాడు.

నేను చూస్తూనే ఉన్నాను.

"తాగండి" అన్నాను.

"దాహంగా లేదే. ఇందాకే తాగాను కదా."

"మర్యాదకైనా ఒక గుక్క తాగండి."

"ఇప్పుడొద్దులే."

"ఒక్క గుక్క. మీరు కడిగిన రాయే కదా చెప్పింది, ఏమీ కాదని? మీరే కదా మా అక్కకి ఫోన్ చేసి చెప్పింది? తాగండి!"

నా గొంతుకి పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. ఆయన నా వైపు చూడలేదు. అక్క వైపూ చూడలేదు. కుర్చీ కింద గ్లాసుని చూస్తూ కూర్చున్నాడు. ఆ ముఖంలో ఏమీ దాచలేదు, దాచే ఓపిక కూడా అయిపోయినట్టుంది. మూత మీద ఎర్ర అక్షరాలు ఆయన చదివాడు. చదివే కడిగాడు. నేను ఇక్కడ ఇదే పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తుంటే, అక్కడ ఆవిరి లేచి, చుక్క చుక్కా పడి, ఈ వీధికున్న ఒక్క సాక్ష్యాన్నీ కడిగేసింది.

"ఛీ" అన్నాను.

అక్క ఒకసారి ఆయన్ని చూసింది. ఒకసారి నన్ను చూసింది. వంగి కుర్చీ కింద గ్లాసు తీసుకుంది, గుమ్మం బయటికెళ్ళి నీళ్ళు పారబోసింది. పిల్ల ఏడుపు ఆపడం లేదు. దాని పాలసీసా బల్ల మీద సగం తాగి ఉంది. అక్క దాన్ని కూడా తీసుకెళ్ళి ఒంపేసింది.

మళ్ళీ లోపలికి వచ్చి, సీసా కడుగుదామని బిందె దగ్గరికి వెళ్ళింది. చెంబు ముంచబోయి ఆగిపోయింది. సీసా ఒక చేతిలో, చెంబు ఒక చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. మా ఆయన సంచిలో సీసా తప్ప, కడగడానికి ఇంట్లో వేరే నీళ్ళు లేవు.